మీకు తెలుసా? గురుత్వాకర్షణను మార్చేసే ఆపిల్
‘ఎలాస్టో మానియా’ బైక్ గేమ్ 2000లో వచ్చింది. తయారుచేసింది హంగరీ ప్రోగ్రామర్ బలాజ్ రోజా. ఇందులో తుపాకులు ఉండవు. ఆపిల్స్ అన్నీ ఏరుకుని, ఆఖరికి పువ్వును తాకితే లెవెల్ పూర్తి. వినడానికి పిల్లల ఆటే! కానీ చక్రాలు బండికి రబ్బరు తాళ్లతో కట్టినట్టు సాగుతూ ఊగుతుంటాయి. బండి ఎన్ని పల్టీలు కొట్టినా ఫర్వాలేదు. రైడర్ తల నేలకో గోడకో తగిలిందా, మళ్లీ మొదటినుంచే. గాల్లో ఉండగా ఎడమ, కుడి బాణం మీటలతో బండిని ఒరిగించాలి. అసలు నేర్పంతా అక్కడే. స్పేస్‌బార్ నొక్కితే రైడర్ ఉన్నచోటే వెనక్కి తిరుగుతాడు. కొన్ని ఆపిల్స్ మరీ కొంటెవి: తాకగానే గురుత్వాకర్షణ దిశ మారిపోతుంది, పైకప్పు మీదే బండి నడపాల్సి వస్తుంది.