చిన్న నష్టానికి క్లెయిము వేయాలా?

రమణమ్మ వాళ్ళకు ఒక చిన్న కారు ఉందనుకుందాం. మూడేళ్ళ కిందట కొత్తది కొన్నారు. అత్తగారికి ఒంట్లో బాగుండదు. నెలకు రెండుసార్లు పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దానికి ఆ కారే ఆధారం.

ఒకరోజు సాయంత్రం రమణమ్మ భర్త కారు వెనక్కి తీస్తున్నాడు. చీకటి పడింది. గేటు స్తంభం కనిపించలేదు. టప్పుమని చప్పుడైంది. దిగి చూస్తే వెనక బంపరు పగిలి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మర్నాడు మెకానిక్కు వచ్చి చూశాడు.

"కొత్త బంపరు వేయాలి. రంగు కొట్టాలి. మొత్తం 5,500 రూపాయలు అవుతుంది" అన్నాడు.

"మనకేం భయం? ఇన్సూరెన్సు ఉందిగా! ఏటా కడుతూనే ఉన్నాం. ఒక్క రూపాయి వెనక్కి తీసుకోలేదు. ఈసారి వాళ్ళనే ఇమ్మందాం" అన్నాడు భర్త.

రమణమ్మ కాదనలేదు. బీరువాలోంచి పాలసీ కాగితం తీసింది. ఇదివరకు ఆ కాగితాన్ని భద్రంగా దాచడమే ఆమె పని. ఇప్పుడు చదవడం వచ్చింది.

"ముందు ఇందులో ఏముందో చూద్దామండీ" అంది.

కారు బీమాలో రెండు భాగాలు

మొదటి భాగం ఇతరుల కోసం. మన కారు వల్ల ఎవరికైనా దెబ్బ తగలవచ్చు. ప్రాణం పోవచ్చు. వాళ్ళ ఆస్తి పాడు కావచ్చు. అప్పుడు వాళ్ళకు పరిహారం ఇవ్వడానికి ఈ బీమా. దీన్ని థర్డ్ పార్టీ బీమా అంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది ప్రతి బండికీ ఉండి తీరాలి.

రెండో భాగం మన కారు కోసం. దీన్ని సొంత నష్టం బీమా అంటారు. ఇది తీసుకోవడం మన ఇష్టం. గేటు స్తంభానికి తగిలి పగిలిన బంపరు ఈ భాగం కిందికే వస్తుంది.

బోనసు అంటే ఏమిటి?

కాగితంలో ఒకచోట 'నో క్లెయిమ్ బోనస్' అని ఉంది. పక్కన 35 శాతం అని రాసి ఉంది.

ఏడాదంతా సొంత నష్టం కింద డబ్బు అడగకపోతే, మరుసటి ఏడు కట్టే సొమ్ములో కొంత తగ్గిస్తారు. ఆ తగ్గింపే బోనసు. అది సొంత నష్టం భాగానికే వర్తిస్తుంది. థర్డ్ పార్టీ భాగానికి తగ్గింపు లేదు.

మామూలుగా తగ్గింపు ఇలా ఉంటుంది:

1 ఏడాది క్లెయిము లేకపోతే నూటికి 20 రూపాయలు.
వరుసగా 2 ఏళ్ళు లేకపోతే నూటికి 25 రూపాయలు.
3 ఏళ్ళు లేకపోతే నూటికి 35 రూపాయలు.
4 ఏళ్ళు లేకపోతే నూటికి 45 రూపాయలు.
5 ఏళ్ళు లేకపోతే నూటికి 50 రూపాయలు.

ఒక్కసారి క్లెయిము వేస్తే చాలు, బోనసు మొత్తం పోతుంది. మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. చిన్న క్లెయిముకూ అంతే, పెద్ద క్లెయిముకూ అంతే.

బిల్లు మొత్తం కంపెనీ ఇస్తుందా?

ఇవ్వదు. మామూలు పాలసీలో కొన్ని కోతలు ఉంటాయి.

ప్లాస్టిక్కు, రబ్బరు సామాన్లకు సగం ధరే ఇస్తారు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోస్తారు. అద్దాలకు ఈ కోత లేదు. రంగు ఖర్చులో నాలుగో వంతును సామాను ధరగా లెక్కకట్టి, అందులో సగం కోస్తారు. కూలికి కోత లేదు.

ఇవన్నీ పోగా, ప్రతి క్లెయిములోనూ కొంత సొమ్ము మనమే భరించాలి. ఇంజను 1500 సి.సి. దాటని సొంత కారుకు అది 1,000 రూపాయలు. దాటితే 2,000 రూపాయలు.

రమణమ్మ వేసిన లెక్క

బంపరు ధర 3,000. అది ప్లాస్టిక్కు. కంపెనీ ఇచ్చేది 1,500.
రంగు ఖర్చు 2,000. కోత 250. కంపెనీ ఇచ్చేది 1,750.
బిగించే కూలి 500. కంపెనీ ఇచ్చేది 500.

మూడూ కలిపితే 3,750. అందులో మనం భరించే 1,000 తీసేయాలి. చేతికి వచ్చేది 2,750 రూపాయలు.

"5,500 బిల్లుకు సగమే వస్తుందన్నమాట" అన్నాడు భర్త.

"వచ్చేది చూశాం. ఇక పోయేది చూద్దాం" అంది రమణమ్మ.

బోనసు తీయక ముందు వాళ్ళ సొంత నష్టం ప్రీమియం 6,000 రూపాయలు. ఈ ఏడు క్లెయిము వేయకపోతే, వచ్చే ఏడు బోనసు 45 శాతం అవుతుంది. 3,300 కడితే చాలు. క్లెయిము వేస్తే 6,000 కట్టాలి. తేడా 2,700.

అంతటితో అయిపోదు. పోయిన బోనసు మళ్ళీ పెరిగేదాకా ఏటా ఎక్కువ కట్టాలి. రెండో ఏడు తేడా 1,800. మూడో ఏడు 1,500. నాలుగో ఏడు 900. ఐదో ఏడు 300. మొత్తం 7,200 రూపాయలు.

కారు పాతబడే కొద్దీ ప్రీమియం కొంత తగ్గవచ్చు. అప్పుడు ఈ తేడా కూడా కొంత తగ్గుతుంది. ఈలోగా పెద్ద ప్రమాదం జరిగి క్లెయిము వేయాల్సి వస్తే, బోనసు ఎలాగూ పోతుంది. అయినా మొదటి ఏడే పోయేది, వచ్చేది దాదాపు సమానం. రెండో ఏటికి నష్టమే.

"2,750 కోసం 7,200 పోగొట్టుకుంటామా?" అంది రమణమ్మ.

భర్త కాగితం తీసుకుని మళ్ళీ లెక్క చూశాడు. "నిజమే. మన డబ్బుతోనే బాగు చేయిద్దాం" అన్నాడు.

ఎప్పుడు క్లెయిము వేయాలి?

అన్నిసార్లూ మానుకోమని కాదు. బిల్లు 40,000, 50,000 అయితే క్లెయిము వేయాల్సిందే. పెద్ద దెబ్బకు ఆదుకోవడానికే కదా బీమా!

కొందరు అదనంగా కొంత కట్టి, సామాన్ల ధరలో కోత లేని పాలసీ తీసుకుంటారు. కొందరు బోనసు పోకుండా కాపాడే ఏర్పాటు తీసుకుంటారు. అలాంటివి ఉంటే లెక్క మారుతుంది. మీ కాగితంలో ఉన్నాయేమో చూసుకోవాలి.

మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఈ లెక్కలు వేయకూడదు. ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పోలీసులకు, బీమా కంపెనీకి వెంటనే చెప్పాలి.

గుర్తుంచుకోండి

క్లెయిము వేయాలనుకుంటే ఆలస్యం చేయకండి. కంపెనీ మనిషి చూడకముందే బండి బాగు చేయించకండి. దెబ్బ తగిలిన చోట ఫోటో తీసుకోండి.

పాలసీ గడువు దాటనివ్వకండి. గడువు దాటి 90 రోజులైతే బోనసు పోతుంది.

బోనసు కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మి అదే పేరున కొత్తది కొంటే, బోనసును దానికి మార్చుకోవచ్చు.

క్లెయిము వేసి కూడా వేయలేదని చెప్పి బోనసు తీసుకోకండి. తర్వాత ప్రమాదం జరిగితే కంపెనీ డబ్బు ఇవ్వననవచ్చు.

మరుసటి ఏడు రమణమ్మ ఇంటికి కొత్త పాలసీ కాగితం వచ్చింది. ఆమె ముందుగా బోనసు వరుస వెతికింది. 45 శాతం అని ఉంది. "సరిగ్గానే వేశారండీ" అని భర్తకు చూపించి, కాగితం బీరువాలో పెట్టింది.