అమ్మానాన్నలకూ విరామం కావాలి: వయోజన దివ్యాంగుల సంరక్షణలో మరచిపోయిన కోణం

అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో సగం మంది 25 ఏళ్లకే మరణించేవారు. 1997 నాటికి ఆ వయసు 49కి పెరిగింది. ఇది వైద్యం సాధించిన గొప్ప విజయం. అయితే దాని వెంట ఒక కొత్త బాధ్యత కూడా వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన తల్లి, నలభై దాటిన కొడుకుకు ఇంకా స్నానం చేయించాలి, అన్నం కలిపి పెట్టాలి, రాత్రి ఫిట్స్ వస్తే లేచి చూడాలి. ఈ పనికి సెలవు లేదు, పదవీ విరమణ లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు. వారిలో సుమారు 15 లక్షల మందికి మేధో వైకల్యం ఉంది. పెద్దయ్యాక కూడా వీరిలో చాలామందిని చూసుకునేది కన్నవారే.

ఒత్తిడి శరీరంలో ఏం చేస్తుంది?

క్రోమోజోముల చివర టెలోమియర్లు అనే రక్షణ తొడుగులుంటాయి. కణం విభజన చెందే కొద్దీ ఇవి పొట్టిగా మారతాయి. అందుకే వీటి పొడవును కణాల వయసుకు ఒక కొలమానంగా చూస్తారు. దీర్ఘకాలిక అనారోగ్యం ఉన్న పిల్లలను సాకుతున్న 39 మంది తల్లులను, ఆరోగ్యవంతులైన పిల్లలున్న 19 మంది తల్లులను ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ బృందం పోల్చి చూసి 2004లో ఫలితాలు ప్రచురించింది. సంరక్షణలో గడిచిన ఏళ్లు పెరిగే కొద్దీ ఆ తల్లుల టెలోమియర్లు పొట్టిగా కనిపించాయి. తాము తీవ్ర ఒత్తిడిలో ఉన్నామని చెప్పిన తల్లులకూ, ఒత్తిడి తక్కువగా ఉందన్నవారికీ మధ్య కనిపించిన తేడా కనీసం పదేళ్ల అదనపు వయసుతో సమానం. టెలోమియర్లపై పరిశోధనకు బ్లాక్‌బర్న్ 2009లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

1995లో వెలువడిన మరో అధ్యయనంలో, మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది మహిళల చేతిపై చిన్న గాయం చేసి, అది మానే తీరును గమనించారు. ఇతర మహిళలతో పోలిస్తే వీరికి గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. ఇవి రెండూ కొద్దిమందిపై జరిగిన అధ్యయనాలే. అయినా సంరక్షకుల అలసటను మనసుకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడలేమని ఇవి తెలియజేస్తున్నాయి.

విరామం అంటే వదిలేయడం కాదు

సంరక్షకులు కొన్ని గంటలో, కొన్ని రోజులో విశ్రాంతి తీసుకునేలా ఆ బాధ్యతను శిక్షణ పొందిన మరొకరు చేపట్టడాన్ని రెస్పైట్ కేర్ అంటారు. మనిషి ఇంటికే రావచ్చు, పగటి కేంద్రం కావచ్చు, కొద్ది రోజుల వసతి కావచ్చు. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 28వ అధికరణం, పేదరికంలో ఉన్న కుటుంబాలకు ప్రభుత్వాలు అందించాల్సిన సాయంలో దీన్ని పేర్కొంది. భారత్ ఆ ఒడంబడికను 2007లో ఆమోదించింది.

విరామం దొరికినా బిడ్డను ఎలా చూస్తున్నారోనన్న బెంగ ఉంటే తల్లికి నిద్ర పట్టదు. అందుకే నమ్మకం కుదిరే సేవ ముఖ్యం. మొదట ఒక పూట, తర్వాత ఒక రాత్రి, ఆపై కొన్ని రోజులు అన్నట్టుగా అలవాటు చేయాలి. మందుల వేళలు, ఇష్టమైన తిండి, నొప్పిని ఎలా తెలియజేస్తారు, ఫిట్స్ వస్తే ఏం చేయాలి అన్న వివరాలు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ అలవాటు మొదలైతే, వారు అకస్మాత్తుగా ఆసుపత్రి పాలైనా ఆ బిడ్డ కొత్త మనుషుల మధ్య బెదిరిపోకుండా ఉండగలడు.

తలుపు తట్టాల్సింది ఎక్కడ?

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వారికి వర్తిస్తుంది. ట్రస్ట్ పథకాల్లో సమర్థ్ స్వల్పకాలిక వసతికి, ఘరౌందా జీవితకాల వసతికి, సహయోగి సంరక్షకుల శిక్షణకు ఉద్దేశించినవి. నిరామయ కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంటుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుల నియామకం కోసం జిల్లా స్థాయి స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. కలెక్టరుకు స్థానం ఉండే ఆ కమిటీలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు కూడా ఉంటారు.

ఈ రంగంలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఏర్పాటైన జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్‌గా పిలుస్తున్నది, భారతీయ కుటుంబాల అవసరాలను తెలుసుకునేందుకు ప్రత్యేక ప్రశ్నావళిని రూపొందించింది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ ప్రాంతీయ కేంద్రం కూడా ఈ సంస్థ పరిధిలోదే. రాయ్‌పూర్ జిల్లా ధర్సీవాలో ఉండే కుటుంబానికి అది అందుబాటులోని జాతీయ స్థాయి కేంద్రం. సంరక్షకుల నియామకానికి మాత్రం వారు రాయ్‌పూర్ జిల్లా కమిటీనే ఆశ్రయించాలి.

పెన్షన్ ఒక్కటే చాలదు

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000. ఇవి ఆసరాగా నిలుస్తున్నాయి. అయితే పెన్షన్ దివ్యాంగుడి అవసరాల కోసం. అతణ్ని చూసుకునేందుకు పని మానుకున్న తల్లి శ్రమ అందులో లెక్కకు రాదు. అధిక సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్ సూచిస్తోంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో సంరక్షకులకే నెలకు 600 రూపాయలు కేటాయించింది. మొత్తం చిన్నదే, కానీ ఇంట్లో జరిగే ఈ సేవను పనిగా గుర్తించింది.

డబ్బుతో పాటు మనుషులు కూడా కావాలి. ప్రతి మండలంలో శిక్షణ పొందిన కొద్దిమంది సంరక్షకులు, వారానికి ఒక రోజైనా తెరిచి ఉండే పగటి కేంద్రం ఉంటే, ఏళ్ల తరబడి వాయిదా పడుతున్న తన బీపీ పరీక్షకు ఆ తల్లి వెళ్లి రాగలుగుతుంది. ఆమె ఆరోగ్యంగా ఉన్నంత కాలమే ఆ బిడ్డకు ఇల్లు ఇల్లుగా ఉంటుంది.