కోడికి గంటలు, పిండికి నిమిషాలు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తరతరాలుగా వండుకుంటున్న ఇంటి వంటకం చికెన్ అండ్ డంప్లింగ్స్. కోడిని నీళ్లలో మెత్తగా ఉడికించి, ఎముకలు తీసేసి, ఆ రసంలోనే గోధుమ పిండి ముద్దలు వేసి మూత పెడతారు. ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, ఉప్పు, మిరియాలు ఉంటే చాలు, వేరే మసాలా అక్కర్లేదు. అంత తక్కువ దినుసులతో అంత చిక్కని, కమ్మని రసం ఎలా వస్తుంది? జవాబు వేడిలోనూ, వ్యవధిలోనూ ఉంది. ఒకే గిన్నెలో ఉడికే మాంసానికీ పిండికీ కావలసిన సమయాలు పూర్తిగా వేరు. ఆ తేడా తెలిసి వండడమే ఈ వంటలోని కిటుకు.

ముదురు కోడి గొప్పతనం

గుడ్లు పెట్టడం తగ్గిన ముదురు పెట్టను వేయిస్తే నమలలేం. ఈ వంటకం అలాంటి కోడికే సరిగ్గా సరిపోతుంది. కండరాల చుట్టూ, కీళ్ల దగ్గర, తోలులో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మూడు పోగులు పెనవేసుకున్న తాడులాంటి నిర్మాణం దానిది. కోడికి వయసు పెరిగేకొద్దీ ఈ తాళ్ల మధ్య రసాయన బంధాలు గట్టిపడతాయి, మాంసం సాగుతుంది.

నీటిలో వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ పెనలు వదులవడం మొదలవుతుంది. విడిపోయిన పోగులు నీటిలో కలిసి జెలటిన్‌గా మారతాయి. ఇది తొందరపడితే జరిగే పని కాదు. ముదురు కోడికి సన్నని సెగ మీద రెండు మూడు గంటలైనా పడుతుంది. రసానికి నోటిలో తెలిసే ఆ నిండుతనం జెలటిన్ వల్ల వచ్చేదే. ఆ రసాన్ని ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డకడుతుంది, మళ్లీ మన ఒంటి వేడికి దగ్గర్లోనే కరుగుతుంది.

రొమ్ము మాంసం సంగతి దీనికి తలకిందులు. అందులో కొల్లాజెన్ తక్కువ కాబట్టి ఎక్కువసేపు ఉడికితే నీరంతా వదిలేసి పీచుపీచుగా ఎండిపోతుంది. అందుకే లోపలి వేడి 74 డిగ్రీలకు చేరగానే రొమ్ము ముక్కలను బయటికి తీసి, కాళ్లు, రెక్కలు, వీపు భాగాన్ని మాత్రం ఉడకనిస్తే మేలు. 74 డిగ్రీలు హానికర బ్యాక్టీరియా నశించడానికి సరిపోయే వేడి. మన దగ్గర దీన్ని వండాలంటే నాటుకోడి చక్కగా కుదురుతుంది. బ్రాయిలర్ అయితే లేత వయసుదే కాబట్టి త్వరగా ఉడుకుతుంది. రసం నిండుగా రావాలంటే నాలుగు కోడి కాళ్లు కూడా వేసుకోవాలి.

పిండి ఎందుకు పొంగుతుంది?

డంప్లింగ్స్‌లో రెండు పద్ధతులున్నాయి. పిండిని పల్చగా ఒత్తి, పట్టీలుగా కోసి వేయడం ఒకటి. జారుగా కలిపిన పిండిని చెంచాతో రసం మీద జారవిడవడం రెండోది. ఈ రెండో రకం దూదిలా పొంగడానికి కారణం బేకింగ్ పౌడర్.

బేకింగ్ పౌడర్‌లో సోడియం బైకార్బనేట్, దానితో చర్య జరిపే ఆమ్ల లవణం పొడిగా కలిసి ఉంటాయి. తడి తగలగానే చర్య జరిగి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో మోనోకాల్షియం ఫాస్ఫేట్‌ను ఈ పనికి వాడే పద్ధతి మీద పేటెంట్ పొందాడు. ఈస్ట్ పులిసేదాకా ఆగనవసరం లేకుండా పిండి పొంగించుకునే వీలు ఇలాంటి పొడులతోనే వచ్చింది. నేటి డబుల్ యాక్టింగ్ రకాలు రెండు విడతల్లో పనిచేస్తాయి. తడి తగిలినప్పుడు కొంత వాయువు, వేడి తగిలినప్పుడు మిగతాది వస్తుంది.

ఆ వాయువును పట్టి ఉంచేది గ్లూటెన్ అనే ప్రోటీన్ వల. పిండిని ఎంత పిసికితే ఆ వల అంత బిగుస్తుంది. రొట్టెకు ఆ బిగువు కావాలి, డంప్లింగ్‌కు అక్కర్లేదు. అందుకే దక్షిణాది వంటవాళ్లు ప్రోటీన్ తక్కువగా ఉండే మెత్తని గోధుమ పిండిని ఇష్టపడతారు. టెనెస్సీలోని నాక్స్‌విల్‌లో 1883లో మొదలైన వైట్ లిలీ పిండికి పేరొచ్చింది ఈ గుణం వల్లే. మనకైతే మైదా సరిపోతుంది. పొడిపిండి కనబడకుండా పోయేంతవరకు కలిపి ఆపేయాలి.

మూత తీయొద్దు

ముద్ద అడుగు సగం రసంలో, పై సగం ఆవిరిలో ఉడుకుతుంది. ఒక గ్రాము ఆవిరి 100 డిగ్రీల దగ్గర నీరుగా మారితే సుమారు 2,260 జౌళ్ల గుప్తోష్ణం విడుదలవుతుంది. అదే గ్రాము నీరు 100 నుంచి 90 డిగ్రీలకు చల్లబడితే వచ్చేది దాదాపు 42 జౌళ్లే. చెమ్మ తప్ప ఏమీ కనబడని ఆ పై భాగం ఉడకడానికి ఆవిరి ఎంత ముఖ్యమో ఈ అంకెలే చెబుతాయి. ముద్ద గట్టిపడకముందే మూత తీస్తే ఆవిరి పోతుంది, లోపలి బుడగలు చల్లబడి కుంచించుకుపోతాయి. పదిహేను నిమిషాలపాటు మూత ముట్టకూడదు. ఆ తర్వాత ఒక పుల్ల గుచ్చి చూస్తే పచ్చిపిండి అంటుకోకుండా రావాలి. రసం కుతకుతలాడితే ముద్దలు చెదిరిపోతాయి కాబట్టి ఈ దశలోనూ సన్నని సెగే కావాలి.

చిక్కదనం ఎవరిది?

గోధుమ పిండిలోని స్టార్చ్ రేణువులు 60 డిగ్రీల ప్రాంతంలో నీరు పీల్చి ఉబ్బుతాయి. వాటిలోని అమైలోజ్ కొంత బయటికి వచ్చి రసంలో కలుస్తుంది. పాలతాలికలు వేసిన పాలు చిక్కబడేది కూడా ఇలాగే, అక్కడ బియ్యప్పిండి, ఇక్కడ గోధుమ పిండి. ఇలా స్టార్చ్ ఇచ్చిన చిక్కదనానికి జెలటిన్ ఇచ్చిన నిండుతనం తోడవుతుంది. మిగిలిన కూర మర్నాటికి ముద్దకట్టడానికి కారణాలూ ఇవే. జెలటిన్ గడ్డకడుతుంది, స్టార్చ్ బిగుస్తుంది, ముద్దలు రసాన్ని ఇంకా పీలుస్తాయి. కొంచెం వేడి నీళ్లో, విడిగా దాచిన రసమో పోసి వేడి చేస్తే సర్దుకుంటుంది.

కాబట్టి వంట కుదరనప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడం తేలిక. రసం పలచగా, రుచి లేకుండా ఉంటే కోడికి ఇవ్వాల్సిన గంటలు ఇవ్వలేదు. రొమ్ము మాంసం పీచుగా ఉంటే దాన్ని సమయానికి బయటికి తీయలేదు. ముద్దలు గట్టిగా ఉంటే పిండిని ఎక్కువ పిసికారు, లేదా మూత ముందే తీశారు. ముద్దలు కరిగిపోతే మంట ఎక్కువైంది. కోడి పని పూర్తయ్యాకే పిండి పని మొదలుపెట్టాలి. ఈ ఒక్క వరుస తప్పకుంటే, మసాలా పెట్టె తెరవకుండానే కడుపునిండా తినిపించే కూర సిద్ధమవుతుంది.