నింగి నుండి దిగిన నవ్వు

నవరసాలలో భయానకం, హాస్యం పరస్పరం దూరమైనవిగా కనిపిస్తాయి. కాని వాటి మధ్య ఒక దగ్గరి దారి ఉంది. శృంగారాన్ని అనుకరించినప్పుడు హాస్యం పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. ఏ రసమైనా ఆభాసమైతే హాస్యానికి కారణమవుతుందని అభినవగుప్తుడు ఆ భావాన్ని విస్తరించాడు. గంభీరమైనది తన స్థానం తప్పినప్పుడు నవ్వు పుట్టడం సహజం. పేరడీ అనే హాస్యానుకరణకు మూలం ఇదే. తెలుగులో ఈ ప్రక్రియకు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి ప్రసిద్ధుడు.

చలనచిత్రాలలో దీనికి చక్కని ఉదాహరణ, టిమ్ బర్టన్ దర్శకత్వంలో 1996లో విడుదలైన ‘మార్స్ ఎటాక్స్!’ అనే హాలీవుడ్ చిత్రం. దీనిలోని హాస్యం బోధపడాలంటే అది అనుకరించిన కథలు తెలియాలి. 1898లో హెచ్.జి. వెల్స్ రచించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవల పుస్తకరూపంలో వెలువడింది. అందులో అంగారకవాసులు భూమిపై దండెత్తుతారు. మానవుల ఆయుధాలు వారిని నిలువరించలేవు. చివరకు కంటికి కనిపించని సూక్ష్మజీవులే వారిని హతమారుస్తాయి. ఈ నవల 1953లో చలనచిత్రంగా వచ్చింది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్నయుద్ధం సాగుతున్న ఆ దశాబ్దంలో శత్రుభయం, అణుబాంబు భయం ప్రజలను వెంటాడేవి. ఆ భయాలే ఎగిరే పళ్ళేలుగా తెరపైకి వచ్చాయి. సేనాపతి గర్జన, శాస్త్రవేత్త ఉపన్యాసం, జనం పరుగులు చిత్రం తరువాత చిత్రంలో పునరావృతమై క్రమంగా అరిగిపోయాయి.

బర్టన్ ఆ మూసనే తీసుకొని తలక్రిందులు చేశాడు. ఆయన చూపిన అంగారకవాసులు 1962లో అమెరికాలో వెలువడిన బొమ్మకార్డుల నుండి పుట్టినవారు. ఎడారిలో దిగిన వారికి జనం స్వాగతం పలుకుతారు. ఒకరు శాంతికి గుర్తుగా పావురాన్ని ఎగురవేస్తే, వారు దానిని కాల్చివేసి జనంపై పడతారు. ఆచారభేదం వల్ల జరిగిన పొరపాటని పెద్దలు సరిపెట్టుకొంటారు. తరువాత చట్టసభలో అడుగుపెట్టిన అంగారకవాసులు సభ్యులను భస్మం చేస్తారు. తాము మిత్రులమని యంత్రం చేత పలికిస్తూనే కాల్పులు సాగిస్తారు. వారిని చివరకు జయించినది సైన్యం కాదు. ఒక ముసలమ్మ ఇష్టంగా వినే పాత పాటకు వారి తలలు పగిలిపోతాయి. సూక్ష్మజీవుల స్థానంలో పాట వచ్చి చేరింది. మూలకథ తెలిసినవారికే ఈ చమత్కారం పూర్తిగా అందుతుంది. ఇక్కడ నవ్వు తగిలేది అంగారకవాసులకు మాత్రమే కాదు, అన్నీ తెలుసునని భావించే అధికారానికీ, పాండిత్యానికీ కూడా.

ఆకాశం నుండి ఆపద వస్తుందనే భయం సినిమాలకన్నా ప్రాచీనమైనది. 1910లో హేలీ తోకచుక్క కనిపించింది. భూమి దాని తోక గుండా పోతుందని, అందులోని విషవాయువు వల్ల ప్రాణికోటి నశిస్తుందని పాశ్చాత్యదేశాలలో వదంతులు వ్యాపించాయి. తోకచుక్క నుండి కాపాడే మాత్రలంటూ అమ్మినవారు కూడా ఉన్నారు. తోకచుక్కను అరిష్టసూచకంగా భావించడం మన దేశంలోనూ ఉన్నదే. కన్యాశుల్కంలో డాంబికాన్ని నవ్వుతో ఎండగట్టిన విజయనగరం మహాకవి గురజాడ అప్పారావు ఆ సంవత్సరమే ‘ముత్యాల సరములు’ రచించాడు. తోకచుక్కను ఆయన శత్రువుగా చూడలేదు. భూమిని చూడవచ్చిన చుట్టంగా, సంఘసంస్కరణకు పతాకగా సంభావించాడు. బర్టన్ భయాన్ని నవ్వుతో పోగొడితే, గురజాడ దానిని ఆత్మీయతతో పోగొట్టాడు.

అయితే ఆకాశం చేసే ప్రతి హెచ్చరికా నవ్వదగినది కాదు. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి వేళ వాతావరణశాఖ మాటను విని జాగ్రత్తపడటం పిరికితనం కాదు, వివేకం. కల్పిత భయాన్ని నవ్వుతోనూ, నిజమైన ఆపదను సంసిద్ధతతోనూ ఎదుర్కోవాలి. ఏది కల్పితమో, ఏది నిజమో తెలుసుకోవడానికి చదువు కావాలి. మూలం తెలియనివాడు పేరడీని చూసి నవ్వలేడు. అలాగే కారణం తెలియనివాడు వదంతిని విని భయపడకుండా ఉండలేడు. తెరమీది భయాన్ని చూసి మనం నవ్వవచ్చును. తెలియక భయపడుతున్న పొరుగువారికి మాత్రం నిజం తెలియజెప్పడమే చదువుకొన్నవారి బాధ్యత.