విమానాల వెనుక సుడిగాలులు: ముందే పసిగట్టే కంప్యూటర్ నమూనాలు

ఖరగ్‌పూర్: నేలకు చేరువలో గాలి కదలికలను కొలిచేందుకు 1990లో పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో 30 మీటర్ల ఎత్తైన టవర్‌ను నెలకొల్పారు. రుతుపవన ద్రోణిపై సాగిన 'మాంట్‌బ్లెక్స్' ప్రయోగంలో భాగంగా జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసిలలోనూ ఇటువంటివే వెలిశాయి. విమానాశ్రయాల వద్ద భద్రతకు సైతం ఈ తరహా కొలతలే కీలకం కావడం విశేషం.

ఎగిరే విమానం రెక్కల కొసల నుంచి రెండు సుడులు వెలువడి, నెమ్మదిగా కిందికి దిగుతాయి. విమానం బరువు పెరిగిన కొద్దీ సుడి బలమూ పెరుగుతుంది. వెనుక వచ్చే చిన్న విమానం అందులో చిక్కుకుంటే తలకిందులయ్యే ప్రమాదముంది. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల మేరకు భారీ విమానం వెనుక తేలికపాటి విమానం 11.1 కిలోమీటర్లు, మధ్యతరహా విమానం 9.3 కిలోమీటర్ల ఎడం పాటించాలి.

అయితే ఎడం పెరిగిన కొద్దీ రన్‌వేపై దిగగల విమానాల సంఖ్య తగ్గుతుంది. గాలి ప్రశాంతంగా ఉన్నప్పుడు సుడులు ఎక్కువసేపు నిలుస్తాయి. అల్లకల్లోలంగా ఉంటే త్వరగా చెదిరిపోతాయి. పక్కగాలి వీస్తే రన్‌వే నుంచి తొలగిపోతాయి. గాలి వేగం, ఉష్ణోగ్రత, అల్లకల్లోలం వివరాలను అందిస్తే సుడి ఎంతసేపు నిలిచేదీ కంప్యూటర్ అంచనా కడుతుంది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2000లో డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఇటువంటి విధానాన్ని ప్రయోగాత్మకంగా ప్రదర్శించింది. లండన్‌లోని హీత్రూలో 2015 నుంచి ఎదురుగాలి బలాన్ని గణించి, దిగే విమానాల ఎడాన్ని దూరంలో కాక కాలంలో నిర్ణయిస్తున్నారు.

పొడి నేలల జోధ్‌పూర్ గాలి తీరు వేరు, తేమ నిండిన ఖరగ్‌పూర్ గాలి తీరు వేరు. స్థానిక కొలతలు లేకుంటే ఎంతటి నమూనా అయినా పొరబడవచ్చు. ఆ పొరపాటుకు మూల్యం ప్రయాణికుల ప్రాణాలే.