అంగిట్లో నిప్పు

చుట్ట అంటించి రెండు దమ్ములు లాగాక, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పేసుకుంటుంది పెద్దమ్మ. పెదాలు బిగించి, రెండు చేతులా చేపల బుట్ట సర్దుకుంటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో దీన్ని అడ్డపొగ అంటారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. అమ్మను చూసి కూతురు నేర్చుకున్న అలవాటు.

ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబారుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో అది మానని పుండవుతుంది, క్యాన్సరవుతుంది. తన అంగిలి తనకు కనబడదు. నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసిన సర్వే 1971లోనే అచ్చయింది. అందులో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. తర్వాత ఎర్నాకుళం, భావనగర్‌తో పాటు ఈ జిల్లాలోనూ, మొత్తం 36,000 మంది పొగాకు వాడేవారికి ఏటేటా నోరు చూసి, మానమని నచ్చజెప్పారు. మానేసినవారు, తగ్గించినవారు పెరిగారని 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటా నోరు పరీక్షిస్తే, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అందుకు కావలసిందల్లా టార్చిలైటు, శిక్షణ పొందిన కళ్లు.

30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి నోరు చూడాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మచ్చ కనబడితే నర్సమ్మ విశాఖ పెద్దాసుపత్రికి చీటీ రాస్తుంది. అసలు చిక్కు అక్కడే. విశాఖ వెళ్లాలంటే పెద్దమ్మ కూలి పోతుంది, తోడొచ్చే కొడుకు కూలీ పోతుంది. మచ్చ నుంచి ముక్క తీసే పరీక్షకోసారి, ఫలితానికి మరోసారి బస్సెక్కాలి. ఆపరేషన్ ఉచితమే కావచ్చు, తిరుగుడు ఉచితం కాదు. నొప్పి లేని మచ్చ కోసం అన్ని రోజులు ఎవరు పోగొట్టుకుంటారు? చీటీ చూరులోనే ఉండిపోతుంది.

నాట్లు అయ్యాక తేదీ ఇవ్వడం, ముక్క దగ్గర్లోనే తీయడం, ఫలితం నర్సమ్మ ఫోనుకే పంపడం పెద్ద పనులేం కావు. ఆనాటి 36,000 మంది అధ్యయనంలో పనిచేసింది ఒట్టి సలహా కాదనిపిస్తుంది. మరుసటేడు మళ్లీ అదే గడపకొచ్చి, "ఏదీ అత్తా, నోరు తెరువు" అన్న మనిషి.