ఆకాశంలో ఉద్యోగం... నేల మీద పేచీ!

మధురపూడి విమానాశ్రయం. హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం రన్‌వే మీద వాలింది. మెట్లు దిగుతున్న ప్రయాణికుల్లో కొందరి చూపు వెనక్కి తిరిగింది. ముందు అద్దాల వెనక తెల్లచొక్కా, భుజాల మీద బంగారు గీతలు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఓ పిల్లాడు చెయ్యి ఊపాడు. లోపలి నుంచి పైలట్ కూడా ఊపాడు. అంతే, ఆ పిల్లాడు ఇంటికెళ్లేదాకా ఒకటే మాట... ‘నేనూ పైలట్ అవుతా!’

అవుతానంటే ఏ తల్లికి ఇష్టం ఉండదు? లక్షల్లో జీతం, ఊళ్లు తిరిగే ఉద్యోగం, చుట్టాల్లో గౌరవం. మరి అలాంటి కొలువులో ఉన్నవాళ్లే ఉన్నట్టుండి ‘ఒంట్లో బాగోలేదు’ అంటూ మూకుమ్మడిగా సెలవు పెట్టేస్తారెందుకు? వేలమంది సంతకాలు చేసి యజమానికి మొర పెట్టుకుంటారెందుకు? విమానం దిగినంత సాఫీగా వాళ్ల జీతాల చర్చలు ఎందుకు సాగవు?

కడుపు నిండిన బేరమా?

పైలట్ల సమ్మె అనగానే చాలామంది నోట వచ్చే మాట ఇదే. అది పూర్తిగా తప్పనీ అనలేం. పెద్ద విమానం నడిపే కెప్టెన్ నెల జీతం మధ్యతరగతి కుటుంబం ఏడాది సంపాదనకు దగ్గరగానో, అంతకు మించో ఉంటుంది. కానీ ఆ జీతం లెక్క వేరు. అందులో కొంత స్థిరం. మిగతాది ఎన్ని గంటలు ఎగిరితే అంత. పేచీ అంతా ఆ గంటల దగ్గరే.

డెల్టా రైతులకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. పొలం కౌలుకిచ్చిన ఆసామికి ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేస్తారు. పంట బాగా పండినా, తుపానుకి పడిపోయినా ఆ బస్తాలు ఇచ్చి తీరాలి. పైలట్లు అడిగేదీ అలాంటి ఖాయమే. నెలకు ఇన్ని గంటల డబ్బు గ్యారంటీగా ఇవ్వండి, అంతకు మించి ఎగిరితే అదనంగా ఇవ్వండి అని. పొగమంచుకి విమానాలు రద్దయినా, మరమ్మతులకి ఆగిపోయినా, ప్రయాణికులు లేక సర్వీసులు తగ్గినా... అది పైలట్ తప్పు కాదు కదా!

2023 ఏప్రిల్‌లో ఎయిరిండియాలో గొడవ మొదలైంది ఈ ఖాయం గంటల మీదే. 2022 జనవరి 27న సంస్థ టాటాల చేతికి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది కొత్త కాంట్రాక్టులు పంపారు. వాటిలో గ్యారంటీ 40 గంటలే. తమకు అంతకుముందు 70 గంటలుండేవన్నది పైలట్ల వాదన. లెక్క చూడండి. ఒక నెల 45 గంటలే ఎగిరే అవకాశం వచ్చిందనుకుందాం. పాత పద్ధతిలో 70 గంటల డబ్బు వస్తుంది. కొత్త పద్ధతిలో 45 గంటలదే. అంటే చేతికందే గంటల భత్యంలో మూడోవంతుకు పైగా కోత.

మరో మెలిక కూడా ఉంది. కొంతకాలం కెప్టెన్‌గా చేసినవారికి మేనేజ్‌మెంట్ హోదా ఇస్తామన్నారు. వినడానికి ప్రమోషన్‌లాగే ఉంటుంది. కానీ మేనేజ్‌మెంట్ మనిషి అయిపోతే కార్మిక చట్టం కింద రక్షణ, సంఘంలో చోటు పోతాయన్నది పైలట్ల భయం. 1,500 మందికి పైగా సంతకాలు చేసి నేరుగా రతన్ టాటాకే విన్నవించుకున్నారు. ఆ సంఘాలను తాము గుర్తించడం లేదని యాజమాన్యం తేల్చి చెప్పింది.

మరుసటి ఏడాది విస్తారా వంతు. ఎయిరిండియాలో విలీనం కానున్న ఆ సంస్థలోనూ అదే 40 గంటల కాంట్రాక్టు వచ్చింది. 2024 ఏప్రిల్ మొదట్లో పైలట్లు వరసగా సెలవు పెట్టడంతో విమానాలు రద్దయ్యాయి. చివరికి సంస్థ తానే రోజుకు పాతిక, ముప్పై సర్వీసులు తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఫిట్‌మెంట్‌కీ దీనికీ తేడా ఏంటి?

గోదావరి జిల్లాల వాళ్లకు 2015 మే నెల గుర్తుండే ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. ఎనిమిది రోజుల సమ్మె తర్వాత 43 శాతం ఫిట్‌మెంట్‌కి ప్రభుత్వం ఒప్పుకోవడంతో బస్సులు కదిలాయి. జనం ఇబ్బంది పడ్డారు. కానీ ఎవరు అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, ఎంత అడుగుతున్నారు అన్నది అందరికీ తెలుసు. అప్పట్లో గుర్తింపు సంఘం ఒకటుండేది, దానికి ఎన్నికలుండేవి, చర్చలకో బల్ల ఉండేది.

మన దేశంలో పైలట్లకు చాలాచోట్ల లేనిది ఆ బల్లే. ప్రైవేటు సంస్థలు వచ్చాక సంఘం పెట్టుకోవడమే ఒక యుద్ధమైంది. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. దాంతో ఆ ఏడాది సెప్టెంబరు 8 నుంచి అయిదు రోజులపాటు వందలమంది పైలట్లు సిక్ లీవు పెట్టేశారు. వందల సర్వీసులు ఆగిపోయాయి. తీసేసినవారిని తిరిగి తీసుకుంటామన్నాకే విమానాలు ఎగిరాయి. అంటే అప్పుడు పేచీ జీతం కోసం కూడా కాదు, సంఘం పెట్టుకునే హక్కు కోసం.

ప్రభుత్వ సంస్థలో కథ మరోలా ఉండేది. సంఘాలు బలంగా ఉండేవి, కాకపోతే రెండుండేవి. దేశంలో ఎగిరే ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లది ఒకటి. విదేశాలకు వెళ్లే ఎయిరిండియా పైలట్లది మరొకటి. 2007లో రెండు సంస్థలనూ కలిపేశారు. జీతాలు మాత్రం కలవలేదు. ఒకే గూటి కింద రెండు వంటలు! సమాన జీతం కావాలంటూ 2011 ఏప్రిల్ చివర్లో మొదటి సంఘం సమ్మెకు దిగింది. పది రోజుల తర్వాత, జస్టిస్ ధర్మాధికారి కమిటీకి విషయాన్ని అప్పగించడంతో విరమించింది. 2012లో రెండోవారి వంతు. కొత్తగా వస్తున్న డ్రీమ్‌లైనర్ల శిక్షణ అవతలివాళ్లకు ఎలా ఇస్తారంటూ మే 8న మొదలైన ఆ సమ్మె 58 రోజులు సాగింది. వందమంది దాకా పైలట్లను తొలగించారు. సంఘం గుర్తింపు రద్దయింది. చివరికి ఢిల్లీ హైకోర్టులో సమ్మె విరమించారు.

ఇక 1993 జనవరి 9 నాటి సంగతి. పైలట్ల సమ్మె నడుస్తుండటంతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉజ్బెకిస్థాన్ నుంచి విమానాన్నీ సిబ్బందినీ అద్దెకు తెచ్చుకుంది. హైదరాబాద్ నుంచి బయల్దేరిన ఆ విమానం ఢిల్లీలో పొగమంచులో దిగబోయి తలకిందులైంది. అందులో 165 మంది ఉన్నారు. అదృష్టం బాగుండి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పైలట్లకీ యాజమాన్యానికీ మధ్య మాటలు ఆగిపోతే ఆ భారం ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

జీతమే రాకపోతే...

పెంచమని అడగడం ఒక బాధ. అసలు ఇవ్వకపోవడం ఇంకో బాధ. మధురపూడిలో వాలిన విమానాల పేర్లే దానికి సాక్ష్యం. కింగ్‌ఫిషర్ ఉద్యోగులు నెలల తరబడి జీతాల్లేక సమ్మె చేస్తే, 2012 అక్టోబరులో సంస్థ విమానాలు ఆగిపోయాయి. మళ్లీ లేవలేదు. జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు జీతాల బకాయిల కోసం ఎదురుచూస్తుండగానే 2019 ఏప్రిల్ 17న ఆ సంస్థ చివరి విమానం దిగింది. హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో మొదలైన మన తెలుగువాళ్ల ట్రూజెట్, చిన్న ఊళ్లకు ఏటీఆర్ విమానాలు నడిపింది. అదీ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

మూతపడిన సంస్థ పైలట్ ఇంకో దాంట్లో చేరొచ్చుగా అనిపిస్తుంది. అంత తేలిక కాదు. ఏటీఆర్ నడిపినవాడు ఎయిర్‌బస్ నడపాలంటే ఆ విమానానికి ప్రత్యేక శిక్షణ, పరీక్ష ఉండాలి. పైగా చాలా సంస్థల్లో సీనియారిటీ చేరిన రోజు నుంచే లెక్క. పదేళ్లు చేసినవాడైనా కొత్త గూటిలో వరస చివర నిలబడాల్సిందే.

ఉన్న ఉద్యోగం మానేయాలన్నా వెంటనే కుదరదు. 2017లో పౌరవిమానయాన డైరెక్టరేట్ తెచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆర్నెల్ల ముందు నోటీసు ఇవ్వాలి. ఉన్నపళంగా పైలట్లు వెళ్లిపోతే ప్రయాణికులకు ఇబ్బంది అన్నది దాని ఉద్దేశం. ‘జీతం కోసం బేరమాడే వీల్లేదు, నచ్చకపోతే వెళ్లే వీలూ లేదు’ అన్నది పైలట్ల ఆవేదన.

నిద్ర కూడా బేరమే

కాంట్రాక్టు అంటే జీతం ఒక్కటే కాదు. విశ్రాంతి కూడా. తెల్లవారుజామున మూడింటికి లేచి, నాలుగు ఊళ్లు తిరిగి, మర్నాడు అర్ధరాత్రి డ్యూటీకి ఎక్కితే కళ్లు మూతలు పడక ఏం చేస్తాయి? అలసిన కళ్లతో రన్‌వే చూడటం ప్రమాదమని పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాయి. ఫలితంగా కొత్త నిబంధనలు 2025 జులై 1న ఒక విడత, నవంబరు 1న మరో విడత అమల్లోకొచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రివేళ ల్యాండింగుల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గింది.

తర్వాతి నెల ఏమైందో అందరూ చూశారు. దేశంలో సగానికి పైగా ప్రయాణికులను మోసే ఇండిగో, కొత్త లెక్కకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేకపోయింది. డిసెంబరు మొదటి వారంలో వేలాది విమానాలు రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా! పెళ్లిళ్లకు వెళ్లాల్సినవాళ్లు, పరీక్షలకు వెళ్లాల్సినవాళ్లు సూట్‌కేసుల మీదే కునికిపాట్లు పడ్డారు. చివరికి ప్రభుత్వం ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది. పైలట్ల సంఘాలు మండిపడ్డాయి... నియామకాలు చేసుకోనిది సంస్థ, నిద్ర వదులుకోవాల్సింది మేమా అని.

అమెరికాలో అలా... ఇక్కడ ఇలా

అమెరికాలో పైలట్ల సంఘం 1931 నుంచీ ఉంది. అక్కడ కాంట్రాక్టు చర్చలు ఏళ్ల తరబడి సాగుతాయి. విసుగు, నిరసనలు అక్కడా మామూలే. కానీ బల్ల దగ్గర కూర్చునేది ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. 2023లో డెల్టా సంస్థ పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపు సాధించుకున్నారు. 2024లో ఎయిర్ కెనడా పైలట్లకు దాదాపు 42 శాతం పెంపు దక్కింది. అదీ సమ్మె గడువు దగ్గరపడ్డాక, ఒక్క రోజు కూడా విమానాలు ఆపకుండా!

మన దగ్గర 2025 నవంబరు 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతి అమల్లోకొచ్చింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది, అంతకు మించి ఒకేరోజు సెలవు పెడితే అదీ సమ్మె కిందే లెక్క. అంటే మూకుమ్మడి సిక్ లీవు దారి ఇరుకైనట్టే. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. 51 శాతం ఉద్యోగుల మద్దతున్న సంఘంతో యాజమాన్యం చర్చలు జరపాలి. అయితే ఆ రక్షణ కార్మికులకే. పైలట్ కార్మికుడా, మేనేజరా అన్న పాత ప్రశ్న దగ్గరికే మళ్లీ వచ్చి ఆగుతుంది కథ.

పిల్లాడు పైలట్ అవుతానంటే...

వద్దనక్కర్లేదు. 2024 డిసెంబరు నుంచి మధురపూడికి ముంబయి, ఢిల్లీ విమానాలూ వచ్చాయి. దేశంలో కొత్త విమానాలు వస్తున్నాయి, పైలట్లూ కావాలి. కాకపోతే దిగేముందు లోతు చూసుకోవాలి.

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. లైసెన్సుకీ, ఆపై విమానం రకం శిక్షణకీ కలిపి ఖర్చు అరకోటి దాటి, ఒక్కోసారి కోటికి చేరుతుంది. చాలా ఇళ్లలో ఆ డబ్బు పొలం తాకట్టు నుంచే రావాలి. లైసెన్సు చేతికొచ్చాక ఉద్యోగం కోసం ఏళ్లపాటు ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. కొలువు వచ్చాక కూడా వైద్యపరీక్ష నెగ్గుతూనే ఉండాలి. గుండెలోనో చెవిలోనో ఏ చిన్న తేడా వచ్చినా లైసెన్సు ఆగిపోవచ్చు. అందుకే కాంట్రాక్టు చేతికొచ్చినప్పుడు మొత్తం జీతం ఎంతని కాదు, గ్యారంటీ గంటలెన్ని, బాండు ఎన్నేళ్లు, నోటీసు ఎంత, ఆరోగ్యం దెబ్బతింటే బీమా ఉందా అని చూడాలి. సంతకం చేశాక చదివితే లాభం లేదు.

ఇక ప్రయాణికుల సంగతి. విమానం రద్దయితే కోపం రావడం సహజం. వెంటనే తిట్టుకునేది కళ్లెదుట కనపడే తెల్లచొక్కానే. కానీ బల్లకు అవతల కూర్చోవాల్సినవాళ్లు కూర్చున్నారా, కూర్చుంటే ఇవతలివాళ్ల మాట విన్నారా అన్నదీ అడగాల్సిందే. ఎందుకంటే గోదారి దాటించే పడవలోనైనా, మేఘాలు దాటించే విమానంలోనైనా... సరంగు ఆకలితోనో నిద్రలేమితోనో ఉంటే, ఆ బెంగ ఎక్కినవాళ్లందరిదీ!